నయాపూల్ నువ్వే దాటి రా

బిడ్డా,

ఈ ఆషాఢంలో వస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పద్దెనిమిది రోజులుంటావట. గచ్చిబౌలిలో మీ బావమరిది ఇంట్లో దిగుతావట. ఒక ఆదివారం చూసుకుని మన అలియాబాద్ దోస్తులందరినీ అక్కడి పెద్ద హోటల్‌కు పిలిచి దావత్ ఇద్దామనుకుంటున్నావట. వస్తున్నావన్న మాటకు ఎంత సంతోషపడ్డానో, ఆ చివరి మాట దగ్గర మనసు అంత చివుక్కుమంది. ఫోన్‌లో చెబితే "సరే మామా, సరే మామా" అంటావు, నీ తొందరలో నువ్వుంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరికగా చదువుకో.

దావత్ ఇవ్వు, వద్దనను. కానీ ముందు నువ్వు మూసీ మీది నయాపూల్ దాటి ఇవతలికి రా. ఒక్కొక్కరి గడపా తొక్కు. వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగు. ఆ తర్వాత నువ్వు ఎక్కడికి పిలిచినా పరుగున వస్తారు.

2001లో నువ్వు అమెరికా పోయినప్పుడు బేగంపేటలో విమానం ఎక్కావు. 2008 నుంచి విమానాలన్నీ శంషాబాద్‌లోనే దిగుతున్నాయి. శంషాబాద్ మూసీకి ఇవతలి పక్క, అంటే మన పక్క. అక్కడి నుంచి గచ్చిబౌలికన్నా మన అలియాబాదే దగ్గర. అయినా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అది నిన్ను ఊరి బయట బయటే తిప్పి, మూసీని దాటించి, అవతల దింపుతుంది. ఏరు దాటిన సంగతి కూడా నీకు తెలియదు. పాతికేళ్ళలో మూడుసార్లు వచ్చావు, మూడుసార్లూ అట్లాగే పోయావు. తప్పుపట్టడం లేదు బిడ్డా. రెండు పెళ్ళిళ్ళు, ఒక చావు. ఆ హడావిడిలో ఎవరికి ఎవరు గుర్తుంటారు? ఈసారి నీకు పద్దెనిమిది రోజులున్నాయి కనుక అడుగుతున్నాను.

ఇంతగా పట్టుబట్టడానికి నాదొక బాధ ఉంది. మీ నాన్నకు తెలుసు. నీకెప్పుడూ చెప్పలేదు.

1968లో నేను భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనికి పోయాను. పదకొండేళ్ళు ఇటు రాలేకపోయాను. 1979లో మేనకోడలి పెళ్ళికి వచ్చాను. జేబులో బోనస్ డబ్బులున్నాయి. పెళ్ళివారు ఆబిడ్స్‌లో విడిది ఇచ్చారు. చిన్నప్పటి దోస్తులు ఐదుగురికి కబురు పంపాను, ఫలానా రోజు సాయంత్రం ఆబిడ్స్‌లో ఫలానా హోటల్‌కు రమ్మని. నలుగురు వచ్చారు. కడుపునిండా తిన్నాం, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఐదోవాడు రాలేదు. వాడు లాడ్‌బజార్ వెనక గల్లీలో లక్కగాజులు చేసేవాడు. ఐదుగురిలో నాకు ప్రాణమైనవాడు వాడే. ఇన్నేళ్ళకు వస్తే ఒక్క పూట తీరిక చేసుకోలేకపోయాడా అని కోపం వచ్చింది. మర్నాడు రైలెక్కాను. ఆ కోపంతోనే ఉత్తరం కూడా రాయలేదు.

వాడు బయలుదేరాడు బిడ్డా. నయాపూల్ దాటాడు. అఫ్జల్‌గంజ్ దాకా నడిచి, ఆసఫియా లైబ్రరీ ముందు చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగిపోయాడు. వాడికున్న ఒక్క మంచి చొక్కా మీద కుంపటి నిప్పురవ్వ పడి భుజం దగ్గర చిల్లి పడిందట. హోటల్లో దీపాల కింద, నలుగురి మధ్య ఆ చొక్కాతో ఎట్లా కూర్చోవాలని వెనకాడాడట. చేతిలో మా ఆవిడ కోసం చేసిన గాజుల డబ్బా ఉంది. ఈ సంగతంతా 1986లో వాళ్ళింటావిడ చెప్పింది. అప్పటికి వాడు పోయి రెండేళ్ళు. డబ్బా మాత్రం భద్రంగా దాచి ఉంచింది. మా ఆవిడను వాడు మా పెళ్ళిలో ఒక్కసారే చూశాడు. అయినా గాజుల సైజు తప్పలేదు, రెండు-ఆరు.

నేనే వాడి గల్లీకి పోయి ఉంటే చొక్కా ఊసే వచ్చేది కాదు. వాడు బనియన్ మీద కుంపటి ముందు కూర్చునేవాడు, నేను పక్కన పీట లాక్కునేవాణ్ణి. చిన్నప్పుడు అట్లా ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో. లక్కను బొగ్గుల సెగకు మెత్తబరిచి, ఇనుప పలక మీద సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే నగీనాలు ఒక్కొక్కటి అద్దేవాడు. చల్లారిందా, రాయి అంటదు. సెగ ఎక్కువైందా, లక్క కారిపోతుంది. నోరు ముచ్చట చెబుతూనే ఉండేది, చెయ్యి ఆగేది కాదు. 2024లో హైదరాబాద్ లక్కగాజులకు జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసి, ఆ పేపరు పట్టుకుని వాళ్ళింటికి పోయాను. వాడి కొడుకు అదే పని చేస్తున్నాడు. నేను చదివి వినిపిస్తే తల ఎత్తకుండానే, "దీంతో మా కూలి పెరుగుతదా మామూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆ ఇంటికి నెలకోసారి పోయి కూర్చుంటాను. పోవలసిన రోజున మాత్రం పోలేదు.

అందుకే నీ హోటల్ దావత్ అనగానే నాకు ఆ భుజం మీది చిల్లి కళ్ళ ముందు నిలిచింది. నీ దోస్తుల్లో ఎవరికి ఏ చిల్లి ఉందో నీకెట్లా తెలుస్తుంది? గచ్చిబౌలి దాకా ఆటోకు ఎంతవుతుందో, ఆ రోజు గిరాకీ ఎంత పోతుందో వాళ్ళు నీకు చెప్పరు. "తప్పకుండా వస్తా" అంటారు. రారు. నువ్వు నాలాగే కోపం మూటగట్టుకుని విమానం ఎక్కుతావు.

మా తాత ముచ్చట ఒకటి చెబుతాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఒడ్డున మొహల్లాలకు మొహల్లాలే ఊడ్చుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఇంకా ఉంది, చూడు. మిగతా వంతెనలు దెబ్బతిని, 1578 నాటి పురానాపూల్ ఒక్కటే రాకపోకలకు మిగిలిందంటారు. మా తాత దోస్తు ఏటికి అవతల ఉండేవాడు. బతికి ఉంటే వాడే వస్తాడులే అని తాత ఇంట్లో కూర్చోలేదు. బురదలో పురానాపూల్ మీదుగా మూడు రోజులు పోయి పోయి వెతికి, చివరికి ఒక మసీదు అరుగు మీద వాణ్ణి పట్టుకున్నాడట. ఆ వరద తర్వాతే ఊరిని కాపాడడానికి గండిపేట చెరువు కట్టారు, 1920కి పూర్తయింది. ఇప్పుడు నువ్వు దిగబోయే గచ్చిబౌలికి ఆ చెరువు ఎంతో దూరం లేదు.

ఇక వచ్చాక ఎట్లా మసలుకోవాలో చెబుతాను. కొంత నీకు తెలిసిందే, మరిచిపోయి ఉంటావు.

మొదటి నాలుగు రోజులు నీకు అక్కడి పగలు ఇక్కడి రాత్రి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. పక్క మీద దొర్లకు. కారు తీసుకుని ఒంటరిగా చార్మినార్‌కు రా. ఆ వేళకు లాడ్‌బజార్ మూసి ఉంటుంది, జనం ఉండరు. నిమ్రా కేఫ్ దగ్గర ఇరానీ చాయ్ తాగు, ఉస్మానియా బిస్కట్ ముంచుకు తిను. మక్కా మసీదు పావురాలు లేచేదాకా నిలబడు. గుల్జార్ హౌజ్ చుట్టూ నడువు. పత్తర్‌గట్టి రాతి కమానుల కింద నీ చిన్నతనాన్ని వెతుక్కో. కళ్ళలో నీళ్ళు వస్తే రానివ్వు. ఊరిని చూడడమంతా అప్పుడే, ఒక్కడివే ముగించుకో. దోస్తు పక్కనున్నప్పుడు మీనార్ల వైపు కాకుండా వాడి ముఖం వైపు చూడు. వాడు మీనార్లను రోజూ చూస్తాడు, నిన్ను పాతికేళ్ళకు చూస్తున్నాడు.

ఇళ్ళకు పోవడం మాత్రం పొద్దున పెట్టుకోకు. పాతబస్తీ రాత్రి పొద్దుపోయేదాకా మేలుకుంటుంది, పొద్దున ఆలస్యంగా లేస్తుంది. పదకొండు దాటితే గాని షట్టర్లు లేవవు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ. మగ్రిబ్ నమాజు అయ్యాక, దీపాలు పెట్టిన వేళ పోతే మనిషి మనసు విప్పుతాడు. ముందు ఫోన్ చేసి పో. ఆశ్చర్యపరుద్దామని తలుపు తట్టకు. ఇంట్లో ఆడవాళ్ళు సర్దుకోవాలి, పాలు తెప్పించుకోవాలి, ఉన్న రెండు మంచి కప్పులు కడిగి పెట్టుకోవాలి. ఆ అరగంట వాళ్ళకు ఇవ్వు. ఒక సాయంత్రానికి ఒక్క ఇల్లే పెట్టుకో. మూడిళ్ళు పెట్టుకుంటే మూడు చోట్లా నీ కన్ను గడియారం మీదే ఉంటుంది.

వాళ్ళను ఒక్క ప్రశ్న మాత్రం అడగకు. "ఇంకా ఇక్కడేనా?" అని అడగకు. పోయినవాళ్ళందరికీ ఈ ప్రశ్న నోటి చివరే ఉంటుంది. ఉన్నవాళ్ళ గుండెలో అది ముల్లులా దిగుతుంది. నువ్వు పోవడానికి నీకెంత కారణం ఉందో, వాడు ఉండడానికి వాడికీ అంత కారణం ఉంది. ముసలి తండ్రి ఉన్నాడు, పగిడీ ఇచ్చి తీసుకున్న దుకాణం ఉంది, మసీదు ఉంది, గుడి ఉంది, పేరు పెట్టి పిలిచే గల్లీ ఉంది. "ఇక్కడ ఏమీ మారలేదే" అని కూడా అనకు. పాతికేళ్ళు కష్టపడి వాడు రేకుల మీద స్లాబు వేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లలను డిగ్రీ చదివించాడు. అది మారడం కాదా? అట్లాగని "అయ్యో, అంతా మారిపోయింది" అని నిట్టూర్చకు. నీకు పోయిందనిపించినదాంట్లోనే వాడు బతుకుతున్నాడు.

నీ దక్కనీ తుప్పుపట్టి ఉంటుంది. అయినా మాట్లాడు. తడబడితే వాళ్ళు నవ్వుతారు, ఆ నవ్వుతోనే సగం దూరం తగ్గుతుంది. "పర్సోఁ" గుర్తుందా? ఉర్దూ పుస్తకంలో పర్సోఁ అంటే మొన్న, లేదా ఎల్లుండి. మన పాతబస్తీలో పర్సోఁ అంటే మొన్న కావచ్చు, పోయినేడు కావచ్చు, పదేళ్ళ కిందట కావచ్చు. బయటివాళ్ళకు ఇది తప్పుగా తోస్తుంది. నాకు మాత్రం మన భాషలో ఇంత దయగల మాట ఇంకొకటి లేదనిపిస్తుంది. పోయిన నెల షాలిబండలో నీ దర్జీ దోస్తు కలిశాడు. నువ్వు వస్తున్నావన్న సంగతి నేను చెప్పలేదు, ఊరికే నీ పేరు తెచ్చాను. "పర్సోఁ ఇక్కడే చాయ్ తాగిండు కదా మామూ, వాపసే రాలేదు" అన్నాడు.

ఆ దర్జీ ఇంటికి అందరికన్నా ముందు పోవాలి బిడ్డా. 1990 డిసెంబర్ అల్లర్లప్పటి కర్ఫ్యూ నీకు లీలగా గుర్తుండాలి, పదమూడేళ్ళవాడివి. మీ రెండిళ్ళకు నడుమ ఒకటే గోడ. ఆ పదిహేను రోజులు పాల చెంబు ఆ గోడ మీదుగా ఇటూ అటూ తిరిగింది. నీకు జ్వరం వస్తే దర్జీ వాళ్ళ అమ్మ గోడ అవతల నుంచి గంజి అందించేది, మీ అమ్మ వాళ్ళకు పప్పు అందించేది. ఆరు నెలల్లో మీ నాన్న ఇల్లు అమ్మేసి దిల్‌సుఖ్‌నగర్ పోయాడు. భయంతో పోయాడు, మీ చదువుల కోసం పోయాడు, రెండూ నిజమే. ఎవరినీ నిందించలేం. ఆ రోజుల్లో అటువాళ్ళు ఇటూ, ఇటువాళ్ళు అటూ ఎందరో సామాన్లు కట్టుకున్నారు. కానీ ఆ పెద్దామెకు మీ అమ్మ చెప్పి పోలేదు. చెబితే ఏడుపు ఆగదని తెల్లవారకముందే బండి ఎక్కించారు. ఆ వెలితి ముప్పై అయిదేళ్ళుగా అట్లాగే ఉంది.

ఆమెకిప్పుడు ఎనభై దగ్గరపడ్డాయి. చూపు మందగించింది. తఖత్ మీద కూర్చుని ఉంటుంది. నువ్వు కుర్చీ మీద కాకుండా కింద, ఆమె చెయ్యి అందేంత దగ్గరగా కూర్చో. ఆమె నీ ముఖం తడుముతుంది. రెండు చేతులూ నీ తల చుట్టూ తిప్పి తన కణతలకు ఆనించి మెటికలు విరుస్తుంది, అచ్చం మీ నాయనమ్మ విరిచినట్టే. మీ అమ్మ తరఫున "చెప్పకుండా పోయినం, మాఫ్ చెయ్యమ్మీ" అని ఒక్క మాట అను. అమ్మను కూడా తీసుకువస్తే ఇంకా మంచిది. మోకాళ్ళ నొప్పులంటుంది. నువ్వు గట్టిగా పట్టుబడితే వస్తుంది, నాకు తెలుసు.

దర్జీ సంగతి కొంచెం తెలుసుకుని పో. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో కోసం దారుల్‌షిఫా, హరిబౌలి, షాలిబండ రోడ్డు పొడవునా కట్టడాలు తీసేస్తున్నారు. 2025 జనవరిలో మొదలైంది. వాడి దుకాణం ముందు భాగం అందులో పోయింది. మెట్రో రావాలి, మన పిల్లలూ ఏసీ రైల్లో కూర్చుని కాలేజీకి పోవాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయినా వాడి తండ్రి చేతి బోర్డు దింపిన రోజు నేను అక్కడే ఉన్నాను, వాడికన్నా ముందు నాకే గొంతు పట్టుకుపోయింది. నష్టపరిహారం ఎంత వచ్చిందని నువ్వు అడగకు. అందరూ అదే అడుగుతున్నారు. ఇప్పుడు లోపలి గదిలో మిషన్ వేసుకున్నాడు. గిరాకీ తగ్గింది. జేబులో డబ్బు పెట్టబోకు, ఆ రోజుతో దోస్తీ తెగుతుంది. పని ఇవ్వు. నీకూ నీ కొడుక్కూ షేర్వానీలు కుట్టించుకో. వాడు చెప్పిన ధర ఇవ్వు. బేరం చేయకు, పైన కలిపి ఇవ్వకు.

మీ గల్లీ క్రికెట్ జట్టులో సగం మంది ఇక్కడ లేరు. ఒకడు జెద్దాలో, ఇద్దరు దుబాయ్‌లో, ఇంకొకడు చికాగోలో. వాళ్ళు లేరు కదా అని ఆ ఇళ్ళు వదిలేయకు. ఆ ఇళ్ళల్లో తల్లులు, తండ్రులు ఉన్నారు. కొడుకు వీడియో కాల్‌లో కనిపిస్తాడు గాని కొడుకు ఈడువాడు ఎదురుగా కూర్చుని అన్నం తింటే ఆ తృప్తి వేరు. తిను. కడుపు నిండిందని చెప్పకు, ఒక ముద్దైనా తిను.

గౌలిపురాలో నీ బెంచీ దోస్తు తల్లి పోయి మూడేళ్ళయింది. "ఇప్పుడు పోయి ఏమని పలకరించాలి, ఆలస్యమైపోయింది కదా" అంటావు. తెలుగులో పరామర్శ అన్నా, ఉర్దూలో పుర్సా అన్నా, దానికి గడువు లేదు. పో. ఆమె చేసిన సర్వపిండి నీకెంత ఇష్టమో చెప్పు. నువ్వు ఆమె పేరు ఎత్తితే వాడు ఆ పూట మళ్ళీ కొడుకు అవుతాడు.

పిల్లలను తీసుకురా. విసుక్కుంటారు, విసుక్కోనీ. ఒక పూట సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం ముందు కూర్చోబెట్టు. పన్నెండు కాకముందే చోటు పట్టుకోవాలి. బొమ్మ మనిషి బయటికి వచ్చి పన్నెండు గంటలు కొడుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. నిన్ను అక్కడికి మొదటిసారి తీసుకుపోయింది నేనే, నా భుజం మీద కూర్చుని చూశావు. శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకో.

లాల్‌దర్వాజ బోనాల ఆదివారం మా ఇంట్లో ఉండు. మర్నాడు అక్కన్న మాదన్న గుడి నుంచి ఘటం ఏనుగు మీద బయలుదేరుతుంది. చార్మినార్, పత్తర్‌గట్టి, మదీనా మీదుగా నయాపూల్ దాకా పోయి మూసీలో సాగనంపుతారు. దోస్తులంతా కలిసి ఆ దారంతా నడవండి. దర్జీ కూడా వస్తాడు. పోతరాజు కొరడా చప్పుడుకు చిన్నప్పుడు మీ ఇద్దరూ ఒకరి వెనక ఒకరు దాక్కునేవారు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. దర్జీ దగ్గర పాత కొలతల పుస్తకాలు దొంతరగా ఉన్నాయి, తండ్రి కాలం నుంచీ. నీ పేరు తెచ్చిన రోజున ఒకటి దుమ్ము దులిపి తీశాడు. నువ్వు అమెరికా పోయేముందు కుట్టించుకున్న సూటు కొలతలు అందులో ఉన్నాయి, నడుము ఇరవై ఎనిమిది. పక్కనే పెన్సిల్‌తో రెండు వందలు బాకీ అని రాసి ఉంది. బాకీ గురించి వాడు ఏమీ అనలేదు. "ఈ కొలతలు ఇప్పుడు పనికిరావు మామూ, వస్తే మళ్ళీ తియ్యాలె" అని పుస్తకం మూశాడు. షేర్వానీ కుట్టడానికి పన్నెండు రోజులు పడుతుందట. అందుకని వచ్చిన మొదటి వారంలోనే పో, ఆ రెండు వందలు మరిచిపోకు.